హెడ్‌కు తగిన మెనిఫోల్డ్

(చిట్గుప్పలో జరిగిన మన ట్రస్టు స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలి" అన్నారు. మంచి మాటలు నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నాకు తెలిసింది ఇంజన్ హెడ్ పని ఒక్కటే. దాదాపు ముప్ఫై ఏళ్లుగా హైదరాబాద్‌లో అదే చేస్తున్నాను. అందుకని ఆ పనిలో ఒక చిన్న భాగం గురించి, అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెబుతాను. ఇంజన్ ముఖం ఎరగని అమ్మలు కూడా విసుక్కోకుండా వినేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను ఈ ఊళ్లోనే పుట్టాను. అప్పట్లో చిట్గుప్ప హుమ్నాబాద్ తాలూకాలో ఉండేది, ఇప్పుడు మనదే ఒక తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ. మీలో చాలామందికి ఇప్పటికీ అంతే కదా. మా తాతది కొలిమి పని. బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడు. చక్రం చుట్టూ తాడు చుట్టి, ఆ తాడుతోనే ఇనుమును కొలిచేవాడు. పట్టాను చక్రం కంటే రవ్వంత చిన్నగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగినప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు గుమ్మరించేవాడు. చల్లారి ముడుచుకున్న పట్టా కర్రను బిగించి పట్టేది. "స్కేలుతో కొలవొచ్చు కదా తాతా" అని అడిగితే, "చక్రం గుండ్రంగా ఉందని స్కేలు నమ్ముతుందిరా, తాడు నమ్మదు" అనేవాడు. ఆ మాట నాకు పాతికేళ్లు దాటాక గానీ అర్థం కాలేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పదో తరగతి తర్వాత బీదర్‌లో మెకానికల్ డిప్లొమాలో చేరాను. రెండో ఏడు ఫీజు కట్టలేక మానేద్దామనుకున్నాను. అప్పుడు మన ట్రస్టు ఇచ్చిన రెండు వేల రూపాయలతో చదువు నిలబడింది. 1996లో డిప్లొమా చేతికొచ్చింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక హెడ్ రిపేరు షెడ్డులో పనికి కుదిరాను. యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన ఏ బడికీ పోలేదు. నాకు డిప్లొమా ఉంది కాబట్టి ఆయనకంటే నాకు రెండు విషయాలు ఎక్కువ తెలుసని మొదటి నాలుగైదేళ్లు మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు ఇంజన్ గురించి కొద్దిగా. మారుతీ ఎస్టీమ్ కారు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడది తయారు కావడం లేదు. దాని ఇంజన్ 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ బోరు 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75.5 మిల్లీమీటర్లు. పిల్లలు ఇంటికెళ్లి లెక్క కట్టి చూడండి, 1298 వస్తుంది. అంటే ఒక్కో సిలిండర్ ఒక్కసారికి సుమారు 325 సీసీ గాలి పీల్చుకోవాలి, పెద్ద గ్లాసెడు మజ్జిగంత. ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు పిస్టన్ పైనుంచి కిందికి దిగడానికి పట్టే సమయం సెకనులో 200వ వంతు. ఆ రెప్పపాటు కూడా కాని సమయంలో గ్లాసెడు గాలి లోపలికి రావాలి. దారి 30 మిల్లీమీటర్ల గుండ్రటి గొట్టం అనుకుంటే, గాలి సగటున సెకనుకు 90 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. గంటకు 320 కిలోమీటర్ల పైమాటే. నిజానికి వాల్వు ఇంకొంచెం ఎక్కువ సేపు తెరిచి ఉంటుంది కాబట్టి వేగం కొంత తగ్గుతుంది. అయినా మన హుమ్నాబాద్ రోడ్డు మీద ఏ బండీ చూడని వేగం అది.

ఈ గాలి ముందు మెనిఫోల్డ్‌లోకి వస్తుంది. ఒక పెద్ద డబ్బా, దాని నుంచి నాలుగు సిలిండర్లకు నాలుగు గొట్టాలు, అదే మెనిఫోల్డ్. ఆ గొట్టాల చివరలు హెడ్‌లో ఉన్న నాలుగు నోళ్లకు ఆనుకుంటాయి. మధ్యలో గాస్కెట్ ఉంటుంది, మేము ప్యాకింగ్ అంటాం. నేను చెప్పే పనంతా ఈ అతుకు దగ్గరే. గొట్టం చివర, హెడ్ నోరు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే దారి నాలుగు శాతం మూసుకుపోతుంది. అక్కడ ఏర్పడే గట్టుకు గాలి కొట్టుకుని సుడి తిరగడం దానికి అదనం.

ఇందులో ఒక మెలిక ఉంది, దయచేసి గమనించండి. గొట్టం చివర చిన్నదిగా, హెడ్ నోరు కొంచెం పెద్దదిగా ఉంటే నష్టం తక్కువ. కాలువ నీళ్లు చిన్న మెట్టు దిగినట్టు గాలి దిగి ముందుకు పోతుంది. కొందరు కావాలనే అలా ఉంచుతారు, ఇంజన్ వెనక్కి ఊదినప్పుడు ఆ మెట్టు కొంత అడ్డుకుంటుందని. గొట్టం చివర పెద్దదై హెడ్ నోరు చిన్నదైతే మాత్రం గాలి నేరుగా గోడకు కొట్టుకుంటుంది. కంటికి రెండూ ఒకే తేడాలా కనిపిస్తాయి కానీ గాలికి కాదు.

2001 వేసవిలో ఒకాయన ఎస్టీమ్ కారు తెచ్చారు. ఆయనకు ర్యాలీల సరదా. కారు మాత్రం ఒక్కటే, ఇంటివాళ్లను తిప్పేది కూడా అదే. ఎక్కడో మెనిఫోల్డ్ మార్పించుకున్నారు. గొట్టాలు కోసి పొట్టి చేసి, చివరలు పెద్దవి చేసి వెల్డింగ్ పెట్టించారు. దాన్ని హెడ్‌కు కుదర్చమని మా దగ్గరికి వచ్చారు. ఉస్తాద్ చూసి "నేను గుల్బర్గాలో పెళ్లికి పోతున్నా, వచ్చాక చూద్దాం, ముట్టుకోకు" అని వెళ్లారు. ఆయన లేని రెండు రోజుల్లో ఆ కారాయన నాలుగుసార్లు వచ్చారు. "నువ్వు డిప్లొమా చదివావంట కదా, నువ్వు చేయలేవా?" అన్నారు. అంతే.

మెనిఫోల్డ్ నోరు హెడ్ నోటికంటే రెండు మిల్లీమీటర్లు పెద్దది. కాబట్టి హెడ్ నోటినే పెద్దది చేసేస్తే సరిపోతుందని నిర్ణయించాను. పెద్ద దారి, ఎక్కువ గాలి, ఎక్కువ శక్తి. పుస్తకంలో చదివినవాడికి అంతకంటే ఏం కావాలి? మెనిఫోల్డ్‌ను స్టడ్‌లకు తగిలించి, సూదితో హెడ్ మీద గీత గీశాను. స్టడ్ 8 మిల్లీమీటర్లు, మెనిఫోల్డ్ బెజ్జం 9. అంటే అది అటూ ఇటూ ఆడుతుంది. ఆ ఆట సంగతి నేను చూసుకోలేదు. గ్రైండరుకు కార్బైడ్ బర్ బిగించి మొదలుపెట్టాను.

మూడో నోటి కింది గోడ దగ్గర గ్రైండరు శబ్దం మారింది. అప్పటిదాకా బరువుగా వస్తున్న చప్పుడు సన్నబడింది. ఆపి టార్చి వేసి చూశాను. ఆవగింజంత నల్లటి చుక్క. అల్యూమినియం హెడ్‌లో ఆ గోడ వెనకే చల్లబరిచే నీళ్లు తిరిగే దారి ఉంటుంది. గోడ ఎంత మందమో బయటినుంచి తెలియదు, పోత పోసినప్పుడు అచ్చు కొంచెం జరిగినా ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది. నేను గోడ దాటేశాను. ఆ సంగతి నాకు ఆ క్షణమే తెలుసు.

ఇప్పుడు నేను చెప్పేది మా ఇంట్లోవాళ్లు కూడా చాలా ఏళ్లు విని ఉండలేదు. నేనెవరికీ చెప్పలేదు. రెండు ముద్దలు కలిపి అంటించే సీలెంట్ తెచ్చి ఆ చుక్కలో కుక్కి, ఎండాక ఎమరీ పేపరుతో నున్నగా రుద్దాను. ఉస్తాద్ వచ్చేసరికి ఇంజన్ బిగించేశాను. కారు బ్రహ్మాండంగా నడిచింది. కారాయన నా చేతిలో వంద రూపాయలు పెట్టారు. ఉస్తాద్ ఏమీ అనలేదు. నావైపు మాత్రం కొంచెం సేపు చూశారు.

పదకొండో రోజు రాత్రి ఆయన భార్యను, ఇద్దరు చిన్నపిల్లలను తీసుకొని జహీరాబాద్ వైపు నుంచి వస్తున్నారు. అప్పటి 9వ నంబరు జాతీయ రహదారి, మీకు తెలుసు కదా, ఒక్క లారీ తర్వాత ఒక్క లారీ. సీలెంట్ ముక్క ఊడి వాల్వు కింద ఇరుక్కుంది, నీళ్లు సిలిండర్‌లోకి పోయాయి, తెల్లటి పొగ కక్కి ఇంజన్ రోడ్డు మీద ఆగిపోయింది. రెండు గంటలు చీకట్లో ఆ పిల్లలు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా అదృష్టమే గానీ నా గొప్ప కాదు.

మర్నాడు కారాయన ఎదుటే ఉస్తాద్ హెడ్ విప్పారు. సీలెంట్ మరక చూపించి "యే క్యా హై?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. రాత్రి షెడ్డు కట్టేసే వేళ నేనే వెళ్లి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "మహంగా మాల్ కో ఆఖిర్ మే హాత్ లగా" అన్నారు. ఖరీదైన దాన్ని అన్నిటికంటే చివర ముట్టుకో అని. మెనిఫోల్డ్ పోతే ఇంకోటి చేయించుకోవచ్చు, హెడ్ పోతే ఇంజన్ పోయినట్టే. మెనిఫోల్డ్‌ను హెడ్‌కు కుదర్చాలి గానీ హెడ్‌ను మెనిఫోల్డ్‌కు కుదర్చకూడదు. నాలుగేళ్లు ఆయన దగ్గర పని చేసి ఈ ఒక్క మాట నేను వినలేదు.

తెల్లారి కారాయనతో "మా దుకాణం తప్పు" అన్నారు. నా పేరెత్తలేదు. రాణిగంజ్‌లో వేరే హెడ్ కొని తన ఖర్చుతో బిగించి ఇచ్చారు. నా జీతం అప్పుడు 2,800. నెలకు వెయ్యి చొప్పున ఎనిమిది నెలలు కోసుకుంటానన్నారు. సంగతి ఎలాగో ఊరికి చేరి, మా నాయన రాత్రి బస్సులో డబ్బు తీసుకొని వచ్చాడు. కాడికి కట్టే రెండు ఎద్దుల్లో ఒకటి అమ్మి తెచ్చిన డబ్బు. ఉస్తాద్ ముట్టుకోలేదు. "మీ డబ్బు తీసుకుంటే వీడికి పని రాదు" అని నాయనకు చాయ్ తాగించి పంపేశారు. ఎద్దు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడాది మా పొలం పక్కవాళ్ల ఎద్దుతో దున్నారు. నేను ఇంటికి ముందే చెప్పి ఉంటే ఆ ఎద్దు అమ్ముడయ్యేది కాదు. ఆ తప్పు హెడ్ దానికంటే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను.

సరే, ఆ పని ఎలా చేయాలో చెబుతాను. ఇక్కడ మెకానికల్ పిల్లలు కొందరున్నారు, రాసుకుంటున్నారు కూడా.

గ్రైండరు చివర వస్తుంది. మొదట రెండు ముఖాలు చదునుగా ఉన్నాయో లేదో చూడాలి. నిటారు పట్టీ ఆనించి, కింద ఫీలర్ గేజ్ దూర్చాలి. 0.1 మిల్లీమీటరు ఆకు దూరితే ఆ ముఖాన్ని ముందు మెషిన్ మీద చదును చేయించాల్సిందే, లేకపోతే మిగతా శ్రమంతా దండగ. తర్వాత ఆ ఆట పోగొట్టాలి. లోహం దండిగా ఉన్న రెండు మూలల్లో సన్నటి పిన్నులు దించితే మెనిఫోల్డ్ ఎన్నిసార్లు తీసి పెట్టినా ఒకే చోట కూర్చుంటుంది. పిన్నులు లేకుండా గీసిన గీత ఆ ఒక్కసారికే నిజం.

ఇక అచ్చు. చాలామంది ప్యాకింగ్‌నే అచ్చుగా పెట్టుకొని దాని రంధ్రమంత తవ్వేస్తారు. ప్యాకింగ్ రంధ్రం ఎప్పుడూ హెడ్ నోటికంటే కొంచెం పెద్దదిగానే కోస్తారు, దాన్ని నమ్మితే రెండు వైపులా అనవసరంగా కోసినట్టే. వెర్నియర్‌తో కొలిస్తే అటొక కొలత, ఇటొక కొలత తెలుస్తుంది, మూలల వంపు తెలియదు. ఉస్తాద్ ఏం చేసేవారంటే, హెడ్ ముఖానికి నీలం రంగు పలచగా పూసి, పిన్నుల మీదుగా మందపాటి కాగితం పెట్టి వేలితో నొక్కేవారు. నోటి ఆకారం ఉన్నదున్నట్టు కాగితం మీద పడేది. ఆ కాగితం కోసి మెనిఫోల్డ్ మీద అవే పిన్నులకు తగిలించి గీత గీసేవారు. మొదటిసారి అది చూసిన రోజు నాకు మా తాత తాడు గుర్తొచ్చింది. ఒకరు చిట్గుప్పలో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు.

మెనిఫోల్డ్ నోరు చిన్నదైతే పని సులభం. గీత దాకా, అర మిల్లీమీటరు లోపలే ఆగి, లోపలికి పదిహేను ఇరవై మిల్లీమీటర్ల దాకా వాలుగా కలుపుతూ కోయాలి. అంచు దగ్గర మాత్రమే కోసి వదిలేస్తే గట్టు లోపలికి జరుగుతుందంతే. బర్‌కు అల్యూమినియం అంటుకుపోకుండా కిరోసిన్ గానీ మైనం గానీ అద్దుతూ ఉండాలి. అద్దంలా మెరిపించకండి. చూడ్డానికి బాగుంటుంది కానీ, పెట్రోలు చుక్కలు నున్నటి గోడకు అంటుకుని పారతాయి. 80 నంబరు ఎమరీ గరుకు చాలు. మెనిఫోల్డ్ నోరు పెద్దదైతే, ఆ ఎస్టీమ్‌లాగా, లోపల టిగ్ వెల్డింగ్‌తో అల్యూమినియం నింపించి మళ్లీ కోయాలి. ఆ వేడికి ముఖం వంగుతుంది, మళ్లీ చదును చేయించాలి. ఖర్చు ఎక్కువ అంటే కొత్త మెనిఫోల్డ్ చూసుకోవాలి. హెడ్ జోలికి పోకూడదు.

కడగడం గురించి పుస్తకాల్లో ఒక్క వాక్యమే ఉంటుంది. నేనైతే పని మొత్తంలో సగం శ్రద్ధ అక్కడ పెడతాను. కిరోసిన్‌తో, ఆ తర్వాత సబ్బు నీళ్లతో, మళ్లీ గాలి పెట్టి. ఒక్క లోహపు రజను చాలు సిలిండర్ గోడ గీరుకుపోవడానికి. కళ్లద్దాలు, మాస్కు లేకుండా గ్రైండరు పట్టుకునే పిల్లవాడిని నా షెడ్డులో ఉండనివ్వను. బిగించేటప్పుడు మధ్య నట్టు నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా. చివర ఇంజన్ నడుస్తుండగా గాలి పీల్చే నోటికి చెక్క ముక్క అడ్డం పెట్టండి, చెయ్యి పెట్టవద్దు. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటూ నడిస్తే అతుకులో ఎక్కడో దొంగ గాలి దూరుతోంది. అలా దూరితే మిశ్రమంలో పెట్రోలు తగ్గి, వేడెక్కి, వాల్వు కాలిపోతుంది.

ఇంత చేస్తే శక్తి ఎంత పెరుగుతుందని అడుగుతారు. రోడ్డు మీద తిరిగే కారుకు చాలా తక్కువ, అదీ పై వేగాల్లోనే. గొట్టాలు పొట్టి చేస్తే పై వేగంలో లాభం, కింది వేగంలో లాగుడు తగ్గుతుంది. మన ఊరి రోడ్ల మీద కావలసింది కింది లాగుడే. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి నాన్నగారి కారు మీద ప్రయోగాలు వద్దు. ఈ పనికి అసలు చోటు పందెపు మైదానాలు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే. మారుతీ 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతీ కార్లు తయారుచేసిన కరివర్ధన్ 1995లో పోయారు, ఆ స్పీడ్‌వేకు ఆయన పేరే.

అక్కడే ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు తాము కట్టిన కార్లతో ఫార్ములా భారత్ పోటీలో దిగుతూ వచ్చారు. ఆ పోటీల నియమం ప్రకారం పెట్రోలు ఇంజన్‌కు గాలి అంతా 20 మిల్లీమీటర్ల ఒక్క సందులోంచే రావాలి. కాబట్టి మెనిఫోల్డ్ పిల్లలే చేసుకోవాలి. మన ట్రస్టు స్కాలర్‌షిప్ తీసుకున్న ఒక అబ్బాయి కిందటేడు అలాంటి మెనిఫోల్డ్ పట్టుకొని నా షెడ్డుకు వచ్చాడు. కంప్యూటరులో గీసి, త్రీడీ ప్రింటు తీయించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. హెడ్‌కు పెడితే ఒకవైపు గట్టు తగిలింది. కొలత తీసింది తానేనట. వెర్నియర్‌తో ఒక్కవైపే కొలిచి, గుండ్రమని అనుకున్నాడు. నీలం రంగు, కాగితం ఇచ్చాను, పది నిమిషాల్లో వాడికే కనిపించింది. "మామా, ఇది గరుకు కాగితంతో రుద్దేస్తే సరిపోదా, మళ్లీ ప్రింటు అంటే డబ్బు అందరం పంచుకోవాలి" అన్నాడు. ప్లాస్టిక్ గోడ పలచన, రుద్దితే చీలుతుందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత బయటికి పోయి ఫోన్ చేశాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు కాబట్టి నాకు వినబడింది. "కొలత తప్పు నాదే, మళ్లీ ప్రింటు తీయాలి, నా వాటా ఎక్కువ వేసుకోండి" అంటున్నాడు. వాడికి అప్పుడు ఇరవై ఏళ్లు. నాకు ఆ మాట ఒక పగలంతా పట్టింది.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి కదా, ఇంక మెనిఫోల్డ్ నేర్చుకుని ఏం లాభం అని ఇందాక ఒక తండ్రి అడిగారు. నిజమే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది, ఆ కార్లలో మెనిఫోల్డే లేదు. నా షెడ్డుకు వచ్చే పని కూడా తగ్గుతుంది, దాచేదేముంది. మా అబ్బాయి ఈ పనిలోకి రాలేదు, నేనూ రమ్మనలేదు.

టైము అయిందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. బయట భోజనాల పక్క బల్ల మీద ఒక పాత హెడ్, దానికి తగని మెనిఫోల్డ్ ఒకటి, నీలం రంగు, కాగితాలు పెట్టాను. ఆ హెడ్ ఉస్తాద్ షెడ్డు గోడకు చాలా ఏళ్లు వేలాడింది, ఆయన పోయాక వాళ్ల అబ్బాయి నాకిచ్చాడు. మూడో నోటిలో వేలు పెట్టి చూడండి, చుక్క తగులుతుంది. గ్రీజు అంటుకుంటుంది, పక్కనే కాటన్ వేస్ట్ ఉంది, చేతులు తుడుచుకుని భోజనానికి కూర్చోండి.